60 దాటినంక కొత్త బాణీలు తగ్గుతయా? గొంతు, శ్రుతి, చెవి ఎట్ల మారుతయి?

భజన_బాట, హనుమకొండ

అందరికీ నమస్తే. ఒక భజన మండలి సంగతి అడుగుతున్న. బాణీలు కట్టే పెద్దమనిషికి 66 ఏండ్లు. హార్మోనియం ఆయనదే, ముందు పాడుడు ఆయనదే. నలభై ఏండ్ల సంది ఇదే పని. ఒకప్పుడు భద్రకాళి అమ్మవారి నవరాత్రులకు, ఐనవోలు మల్లన్న జాతరకు కలిపి ఏడాదికి పది పదిహేను కొత్త పాటలు వస్తుండె. ఇప్పుడు మూడో నాలుగో. వచ్చినయి మంచిగనే ఉంటున్నయి. కాకపోతే అన్నీ ఒక్క తీరుగ, నెమ్మదిగ ఉన్నయని పోరగాండ్లు సణుగుతున్నరు.

శ్రుతి కూడా దించిండ్రు. నల్ల ఒకటి (హార్మోనియం మొదటి నల్ల మెట్టు) మీద పాడేటాయన ఇప్పుడు దానికి రెండు మెట్లు కింద, తెల్ల ఏడు మీద పాడుతున్నడు. అయినా పైన చీలుడు పోలేదు, పైపెచ్చు కింది చరణాల్ల మాట వినవడుతలేదు.

బాణీలు తగ్గుడు వయసుతోని వచ్చేదేనా, ఇంకేమన్నా ఉందా? శ్రుతి ఎంత దాకా దించాలె? మండలి తరఫున ఏం చేస్తే ఆయన పని సాగుతది? ఆయనను పక్కన కూసోవెట్టుడు అనే సలహా మాత్రం వద్దు.

---

సారణి_తీగ, వరంగల్

బాణీల సంగతి వరకు చెప్తాను, గొంతు సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

తగ్గడం మామూలే. కానీ పుట్టినరోజులు లెక్కపెడితే విషయం సరిగ్గా అర్థం కాదు. డీన్ కీత్ సైమన్టన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్వరకర్తల మీద చాలాకాలం పని చేశాడు. ఆయన చెప్పేది ఏమిటంటే, రచన రాశి వయసు కన్నా ఎక్కువగా ఆ పని మొదలుపెట్టి ఎన్నేళ్లయిందన్న దాన్ని బట్టి పెరిగి తగ్గుతుంది. ఇరవైలో మొదలుపెట్టినవాడి అరవై ఆరు వేరు, యాభైలో మొదలుపెట్టినవాడి అరవై ఆరు వేరు. మీ పెద్దాయనకు నలభై ఏళ్ల పని అయిపోయింది కాబట్టి రాశి తగ్గడంలో వింతేమీ లేదు.

ఆయనే చెప్పిన ఇంకో మాట మీకు ఎక్కువ పనికొస్తుంది. కట్టినవాటిలో నిలబడేవి ఎన్ని అనే పాలు వయసుతో పెద్దగా మారదట. పదిహేనులో ఐదు నిలిచిన చోట ఇప్పుడు మూడులో ఒకటి నిలుస్తుంది. కాబట్టి తక్కువ వస్తున్నాయి గనక వచ్చిన ప్రతిదీ గొప్పగా ఉండాలని ఆయన మీద బరువు పెట్టకండి. నాలుగు కట్టి రెండు పక్కన పడేసే వెసులుబాటు ఆయనకు ఉండాలి. మండళ్లలో జరిగేది దీనికి తలకిందులు. పెద్దాయన కట్టాడు కాబట్టి ప్రతిదీ పాడతారు, దాంతో ఆయన జాగ్రత్తపడి పాత దారినే పోతాడు.

ఒక్క తీరుగా, నెమ్మదిగా అన్న ఫిర్యాదు గురించి. సైమన్టన్ 1989లో 172 మంది పాశ్చాత్య స్వరకర్తల చివరి రచనలను లెక్కగట్టాడు. అవి నిడివిలో చిన్నవి, స్వర నిర్మాణంలో సాదావి, కానీ జనంలో నిలిచిన తీరులో ముందున్నవి. సాదా అయినంత మాత్రాన దిగజారినట్టు కాదు. అట్లాగని అందరిదీ ఒకే దారీ కాదు. వెర్డి 73 ఏళ్లప్పుడు 1887లో ఒక ఒపెరా (పాటల్లోనే నడిచే నాటకం), 79 ఏళ్లప్పుడు 1893లో ఇంకొకటి ఇచ్చాడు. ఆ చివరిది ఆయన వాటిలో అత్యంత చురుకైన హాస్యం. రొస్సీని 37 ఏళ్లకే ఒపెరాలు ఆపేసి దాదాపు నలభై ఏళ్లు బతికాడు. సిబేలియస్ 1926 తర్వాత పెద్ద రచన ఏదీ బయటికి ఇవ్వకుండానే 1957 దాకా ఉన్నాడు. హైడన్‌ది ఇంకో తీరు. ఊహలు వస్తూనే ఉన్నాయి, కూర్చుని రాసే ఒంటి సత్తువ పోయింది. చివరి క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల రచన) రెండు భాగాల దగ్గరే ఆగింది. మీ పెద్దాయన విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఊహ రావట్లేదా, వచ్చింది పాటగా పూర్తి కావట్లేదా? రెండోదైతే మందు సులువు.

మన దగ్గర సంగతికొస్తే, ఇళయరాజా 81 ఏళ్లప్పుడు, 2025 మార్చి 8న, లండన్‌లో తన సింఫనీ వినిపించాడు. కీరవాణికి ఆస్కార్ వచ్చిన 2023లో ఆయనకు 61. ఆ పాట రాసిన మన చల్లగరిగె చంద్రబోస్‌కు అప్పటికి సినిమా పాటల్లో 28 ఏళ్ల అనుభవం. పాత వాగ్గేయకారుల దగ్గర మాత్రం ఈ లెక్కలు కుదరవు. అన్నమయ్య 1424 నుంచి 1503 దాకా రాశాడని రాగిరేకులు చెప్తాయి గానీ, వాటి మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి, స్వరం లేదు. ముసలితనంలో ఆయన బాణీ ఎట్లా మారిందో చెప్పే దారి లేదు. త్యాగరాజ కృతులకైతే ఏది ఏ సంవత్సరానిదో తేదీలే లేవు.

ఇక చేయాల్సిన పని. ఆయన చివరగా కట్టిన ఇరవై పాటలు తీసి ఒక కాగితం మీద గళ్లు గీయండి: రాగం, తాళం, పల్లవి ఏ స్వరం మీద ఎత్తుకుంది, పల్లవి మొదటి నాలుగు స్వరాలు, నిమిషానికి ఎన్ని దెబ్బలు, అడుగు స్వరం, పై స్వరం. గంటన్నర పని. మామూలుగా తేలేది ఏమిటంటే, రాగాలు ఏడెనిమిది ఉన్నా ఎత్తుగడ మాత్రం రెండు మూడు రకాలే ఉంటుంది. పంచమం (ప) మీద ఎత్తుకుని షడ్జానికి (స) దిగడం లాంటిది. కుర్రవాళ్ల చెవికి ఒక్క తీరుగా వినబడేది అదే, రాగం కాదు. తర్వాతి పాటలో ఒక్క గడి మాత్రమే మార్చమనండి, మిగతావి ఆయన ఇష్టం. రెండు మూడు గళ్లు ఒకేసారి మార్చమంటే పాట ఆయనది కాకుండా పోతుంది.

వేగానికీ కారణముంది. చెయ్యి తనంతట తాను వేసే తాళం వయసుతో నెమ్మదిస్తుంది. హార్మోనియం ముందు కూర్చుని కట్టే పాట ఆ చెయ్యి వేగాన్నే పట్టుకుంటుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి 96 దగ్గరో 108 దగ్గరో నడుస్తుంటే దాని మీద కట్టమనండి. లేదంటే ఢోలక్ వాయించే పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టి నడక అతను ఇస్తే, స్వరం ఈయన ఇస్తాడు. రెండోదే మేలు, మెట్రోనోమ్ టిక్కుటిక్కు పెద్దవాళ్లకు చిరాకు.

---

గొంతు_సాధన, కరీంనగర్

శ్రుతి దించడం గురించి చాలామంది చేసే పొరపాటే ఇక్కడా జరిగినట్టుంది.

వయసుతో ఆడవాళ్ల గొంతు, మగవాళ్ల గొంతు ఒకే వైపు పోవు. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ల స్వరతంత్రులు కాస్త మందమవుతాయి, గొంతు కిందికి దిగుతుంది. ఐదున్నర శ్రుతిలో పాడే ఆవిడ నాలుగున్నరకు వస్తే హాయిగా సరిపోతుంది. మగవాళ్లలో తంత్రుల కండ పలచబడి, మధ్యలో సందు మిగులుతుంది. మాట్లాడే శ్రుతి కొంచెం పైకే పోతుంది. అంటే పైన ఎంత పోయిందో కిందా అంత పోతుంది. శ్రుతి దించితే పైన కాస్త దొరికినా కింద అంతకు అంత పోగొట్టుకుంటారు.

మీ లెక్కే చూడండి. నల్ల ఒకటిలో మగవాళ్ల షడ్జం సుమారు 139 హెర్ట్జ్, మంద్ర పంచమం (కింది స్థాయి ప) 104, తార పంచమం (పై స్థాయి ప) 415. తెల్ల ఏడుకు దించితే అవి 123, 92, 370 అవుతాయి. తంత్రులు పూర్తిగా కలవని గొంతుకు 92 దగ్గర గాలి తప్ప నాదం రాదు. అందుకే మాట వినబడట్లేదు.

శ్రుతిని తెల్ల ఒకటికి తీసుకురండి. నల్ల ఒకటికి అర స్వరం తక్కువ, అంతే చాలు. మిగతాది పాటలోనే సర్దాలి. చరణం మంద్ర పంచమానికి దిగుతుంటే మంద్ర నిషాదం దగ్గర ఆపండి. తార పంచమం తాకే చోట తార గాంధారంతో సరిపెట్టండి, లేదా ఆ ఒక్క పాదం కుర్రగొంతుకు ఇవ్వండి. కొత్త పాటలైతే మొదటి నుంచే ఒకటిన్నర స్థాయి లోపల కట్టుకోవాలి. బతుకమ్మ పాటలు చూడండి, ఐదారు స్వరాల్లో అయిపోతాయి. వేయిస్తంభాల గుడి ముందర ఎంగిలిపూల నాడు డెబ్బై దాటిన అమ్మలు ముందు చెప్తుంటే అందరూ అందుకునేది అందుకే.

హార్మోనియం సంగతి కూడా చూడండి. ఖర్జ్ రీడ్ల స్టాప్ తెరిచి ఉంటే ఆ లోతు శబ్దం మంద్రంలో గొంతును మింగేస్తుంది. కింది చరణం వచ్చినప్పుడు ఆ స్టాప్ లోపలికి నెట్టి, పై వరస రీడ్లతో మాత్రం వాయించాలి.

సాధన: గ్లాసులో నీళ్లు పోసి, మామూలు స్ట్రా కొస రెండు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, స్ట్రాలోకి "ఊ" అని నాదం ఊదాలి. బుడగలు ఆగకుండా సమంగా రావాలి. ముందు ఒకే స్వరం, తర్వాత షడ్జం నుంచి పంచమానికి జారుతూ పైకీ కిందికీ. ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. నీటి నుంచి వెనక్కి వచ్చే ఒత్తిడి వల్ల తంత్రులు గట్టిగా కొట్టుకోకుండానే కదులుతాయి. బుడగలు తెగిపోతుంటే ఊపిరి సమంగా లేదని గుర్తు. బుగ్గలు ఉబ్బిపోతుంటే ఎక్కువ గట్టిగా ఊదుతున్నారని గుర్తు. ఇది చేయకుండా తెల్లవారుజామున చన్నీళ్లు తాగి తార స్థాయిలో అరిచే సాధన ఆ వయసులో చెడుపే.

ఒక చిన్న పరీక్ష. హాయిగా ఉన్న స్వరంలో "ఆ" అని ఒక్క ఊపిరిలో ఎంతసేపు పట్టగలరో ఫోన్‌లో చూడండి. మూడు సార్లు చేసి ఎక్కువది తీసుకోండి. మామూలుగా 15 నుంచి 25 సెకన్లు ఉంటుంది. పది లోపే ఆగిపోతుంటే, లేదా గొంతు బొంగురు నాలుగు వారాలు దాటితే, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర గొంతు లోపల కెమెరాతో చూపించాలి. పొగ, గుట్కా అలవాటు ఉంటే నాలుగు వారాలు కూడా ఆగొద్దు.

---

భజన_బాట, హనుమకొండ

మస్తు పనికొచ్చే ముచ్చట్లు. పొగ, గుట్కా లెవ్వు. పొడిదగ్గు మాత్రం ఉంది, బీపీ గోళీ వేసుకుంటడు. దానికీ దీనికీ సంబంధం ఉంటదా అక్కా?

---

గొంతు_సాధన, కరీంనగర్

ఉండొచ్చు. గోళీ పేరు "ప్రిల్" అని ముగుస్తుందేమో చూడండి: ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. ఆ జాతి మందులతో కొందరికి పొడిదగ్గు వస్తుంది, రాత్రంతా దగ్గి పొద్దున పాడితే తంత్రులు వాచే ఉంటాయి. సొంతంగా ఆపొద్దు. డాక్టర్‌కు చెప్తే మామూలుగా "సార్టాన్" అని ముగిసే మందుకు మారుస్తారు. మారాక దగ్గు తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఆస్తమా పంపు వాడేవాళ్లకైతే ఇంకోటి: అందులో స్టెరాయిడ్ ఉంటే పీల్చిన వెంటనే నోరు పుక్కిలించాలి, లేకపోతే గొంతు బొంగురుపోతుంది. జలుబు గోళీలు గొంతును ఎండబెడతాయి, కార్యక్రమం ఉన్న రోజు వద్దు.

---

డోలుదెబ్బ, జనగామ

సారణి_తీగ అన్నా, మీరు చెప్పిన లెక్క కాగితం మీద రాసేటోళ్లకు. ఏడాదికి ఎన్ని పాటలు అని లెక్కవెడితే ఒగ్గుకథ చెప్పే పెద్దమనిషి సున్నా కట్టినట్టే కావాలె. బీరప్ప కథ అదే, మల్లన్న కథ అదే. కానీ ఏ రాత్రి చెప్పింది ఆ రాత్రిదే. యాడ వచనం ఆపి పాట ఎత్తుకోవాలె, యాడ నవ్వియ్యాలె, ముందర కూసున్న జనాన్ని చూసి ఏ ముచ్చట సాగదియ్యాలె అన్నది అప్పటికప్పుడు కట్టుడే. నలభై ఏండ్లు చెప్పినోని దగ్గర గిసొంటి తొవ్వలు ఎన్ని ఉంటయో ఎవ్వరు లెక్కవెట్టిండ్రు? పడుసోడు నేర్సుకున్న వరసల చెప్తడు, పెద్దోడు తెంపి అతుకుతడు. సృజన అంటే గదే కదా.

ఇగ పని ఎట్ల పంచుకోవాలె అన్నది భజనకు కూడా పనికొస్తది. పెద్దాయనకు ముందుగాల ఎగురుడు బందైతది, తర్వాత ఎత్తుకునే రాగం, ఆఖరికి ఊపిరి. మాట మాత్రం ఆఖరి దాకా ఉంటది. కాబట్టి వచనం ఆయనకే ఉండాలె. వచనం చివర్ల రాగం తీసేది వంతపాడేటోనికి ఇయ్యాలె. ఇచ్చుడంటే ఊకె ఇచ్చుడు కాదు. పెద్దాయన ఆఖరి మాటను షడ్జం మీద నిలవెట్టాలె, వంతోడు ఆ స్వరం మీదనే అందుకొని పైకి పోవాలె. నడుమ సందు వస్తే డోలు ఒక వరస నింపుతది. గిది నాలుగైదు సార్లు చేసి చూసుకోకుంట పెద్దరాత్రి ఎక్కితే ఇద్దరు ఒక్కసారే ఎత్తుకుంటరు, ఆయన ఆగిపోతడు, జనం ముందర చిన్నవోతది.

రాత్రంతా కథైతే గంటంబావుకు ఒకసారి ఆయనకు పావుగంట ఆపు దొరికేటట్టు కథను ముందే కోసుకోవాలె. ఆ పావుగంటల డోలు విన్యాసం పెట్టుకోవచ్చు.

ఇంకోటి, రికార్డు చేసుకోండ్రి. ఫోన్ల వాట్సాప్ వాయిస్ కాదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. మోనోల గంటకు సుమారు 520 ఎంబీ అయితది. మైకు నోటికి మూరెడు దూరం, కొంచెం పక్కకు. మొదలుపెట్టే ముందు శ్రుతిపెట్టె పది సెకన్లు మోగియ్యాలె, తేదీ, ఊరు, కథ పేరు నోటితోని చెప్పాలె. అదే కథను నెల ఆగి మళ్లొకసారి రికార్డు చెయ్యాలె. రెంటికీ తేడా ఎక్కడుందో అక్కడ ఆయన కొత్తగ కట్టినట్టు. ఒక్కసారే తీసి అదే అసలుదని పెట్టుకుంటే, తర్వాతోళ్లు ఆ ఒక్క రాత్రినే బట్టీ పడుతరు.

---

సారణి_తీగ, వరంగల్

డోలుదెబ్బ గారు చెప్పింది ఒప్పుకుంటాను, సైమన్టన్ లెక్కలు అచ్చయిన రచనల మీద చేసినవే. కానీ భజన_బాట అడిగిన పెద్దాయన పాటలు కాగితం మీద ఉన్నాయి కదా, అక్కడ గళ్లు గీయడం పనికొస్తుంది.

రికార్డింగ్ మాట వచ్చింది కాబట్టి: ఊహ వస్తోంది, పూర్తి కావట్లేదు అన్న రకమైతే, ఆయన కూనిరాగం తీసిన ప్రతిసారీ ఫోన్ నొక్కేలా ఒక పిల్లవాడిని పెట్టండి. వయసుతో తగ్గేది ముఖ్యంగా నాలుగు పాదాల వరసను ఒకేసారి మనసులో నిలుపుకునే పట్టు. రాగజ్ఞానం, ఏది బాగుందో తెలిసే తీర్పు అంత తొందరగా పోవు. పట్టుకునే పని ఫోన్‌కు ఇచ్చి, ఎంచే పని ఆయనకు ఉంచాలి. కూర్చునేది పొద్దున, ముప్పావు గంట చొప్పున రెండు సార్లు. రాత్రి భజన అయ్యాక కట్టమనడం దండగ.

పియానో వాయించే రూబిన్‌స్టైన్ ఎనభైల్లో మూడు పనులు చేసేవాడని చెప్తారు. తక్కువ రచనలు ఎంచుకోవడం, వాటినే ఎక్కువ సాధన చేయడం, వేగంగా వచ్చే భాగానికి ముందు కావాలని నెమ్మదించడం, దాంతో ఆ వేగం ఉన్నదానికన్నా ఎక్కువగా వినబడుతుంది. హార్మోనియం మీద బిర్కాలు (వేగంగా దొర్లే స్వరాలు) వేసే చోట ఈ మూడోది అచ్చంగా పనిచేస్తుంది.

---

ఫేడర్, కాజీపేట

చెవి గురించి ఎవరూ మాట్లాడలేదు. వయసుతో ముందుగా పోయేది పై శబ్దాలు, 4000 హెర్ట్జ్ పైవి. గొంతు, హార్మోనియం బాగానే వినబడతాయి కాబట్టి మనిషికి తెలియదు. తాళాలు, చిడతలు చాలట్లేదని గట్టిగా కొట్టమంటాడు, మిక్సర్ దగ్గర ట్రెబుల్ తిప్పుతాడు. ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకుంటారు. ట్రెబుల్ నాబ్ పెద్దాయన చేతిలో పెట్టొద్దు, ఇరవై ఏళ్ల పిల్లగాడి చెవిని నమ్మండి.

మాట వినబడట్లేదన్నది సగం మైకు తప్పే అయ్యుంటుంది. మాట అర్థమయ్యేది 92 హెర్ట్జ్ దగ్గర కాదు, 1000 నుంచి 4000 మధ్య. మైకును పెదాలకు ఆనించి పాడితే అడుగు శబ్దం ఉబ్బి మాట ముద్దవుతుంది. నాలుగు వేళ్ల దూరం ఉంచండి. 250 దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించి, 3000 దగ్గర 2 లేదా 3 పెంచండి. ఎకో నాబ్ సున్నా. మన దిక్కు ఆంప్లిఫయర్ కొన్నదే ఎకో కోసం అన్నట్టు తిప్పుతారు గానీ, నెమ్మదించిన గొంతుకు అది విషం, ఒక మాట తోక ఇంకో మాట మీద పడుతుంది. ఆయన వైపు తిప్పి చిన్న స్పీకర్ ఒకటి పెట్టండి. తన గొంతు తనకు వినబడకే సగం మంది అరుస్తారు.

వినికిడి మిషన్ పెట్టుకుంటే పెట్టించిన చోట "మ్యూజిక్ ప్రోగ్రామ్" విడిగా అడిగి చేయించాలి. మామూలు సెట్టింగ్ తంబుర మోతను రొద అనుకుని అణిచేస్తుంది, వేణువు నిలిపిన స్వరాన్ని మిషన్ ఈల అనుకుని కోసేస్తుంది. రొద తగ్గించేదీ, ఈల ఆపేదీ ఆ ప్రోగ్రామ్‌లో ఆపించాలి.

ఉన్న చెవి నిలుపుకోవడానికి: 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. డోలు పక్కన నిలబడేవాళ్లు, డీజే బండి ముందు పాడేవాళ్లు ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోవాలి.

---

భజన_బాట, హనుమకొండ

దండాలు అందరికీ. ఊహ వస్తున్నది, పూర్తి అయితలేదు, గిదే అసలు సంగతి అనిపిస్తున్నది. తెల్ల ఒకటికి మార్చాలంటే తబలా, తంబుర కొత్తయి కొనాలెనా?

---

సారణి_తీగ, వరంగల్

అక్కర్లేదు. నల్ల ఒకటికి కట్టిన తబలా అర స్వరం దిగుతుంది. ముందు గట్టాలను (పక్కన వార్ల కింద ఉండే చెక్క ముక్కలు) సుత్తితో పైకి కొట్టి వదులు చేయండి. తర్వాత మూతి చుట్టూ ఉన్న గజరాను కింది నుంచి పైకి తట్టుతూ పదహారు గళ్లూ ఒకే స్వరం పలికేదాకా సరిచేయండి. ఒకవైపే తట్టితే ఎదురు గడి తప్పు పలుకుతుంది, ఎదురెదురుగా తట్టాలి. ఇప్పుడున్నట్టు తెల్ల ఏడులో ఉంటే మాత్రం తోలు మరీ వదులై నాదం చచ్చిపోతుంది, దానికి మూతి పెద్దది వేరే కావాలి. తంబురకు అవే తీగలు చాలు. బిరడాలు దించాక మోత మొద్దుబారితే బుర్ర మీద గుర్రం (తీగలు ఆనే బద్ద) దగ్గర జీవాళి దారాన్ని వెంట్రుక వాసి ముందుకో వెనక్కో జరపండి, ప్రతి తీగకూ విడివిడిగా.